మట్టంగా రెండు హస్తాలు

నేను ఒక అన్నం హస్తాన్ని. రెండు వేల పంతొమ్మిది జూన్ తొమ్మిదో తారీకు, ఆదివారం మధ్యాహ్నం భీమేశ్వరరావు ఏం తిన్నాడో నాకు బాగా గుర్తు. కొత్తావకాయ, ముద్దపప్పు, నెయ్యి. దాని తర్వాత కోడి ఇగురు. ఆ తర్వాత మీగడ వేసుకుని ఉలవచారు. చివర పెరుగన్నం, అందులో పిసుక్కున్న మామిడిపండు. ప్రతి విడతకీ నేను అన్నంగిన్నెలో మునిగి గుట్టగా లేచాను. ప్రతిసారీ అతను కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా" అన్నాడు. ఆ ఇంట్లో చాలు అన్న మాటకు అర్థం ఇంకో రెండు మెతుకులు పెట్టమని. ఆ రెండు మెతుకులూ ఎప్పుడూ నా నిండా ఉండేవి.

నన్ను ఎరగనివాళ్ళు ఉండరు గానీ, ఈ మధ్య కుక్కరుతో పాటు తెల్లటి ప్లాస్టిక్ చెంచా ఒకటి ఇచ్చేస్తున్నారు గనక చెబుతున్నాను. అన్నం వడ్డించే వెడల్పాటి గరిటెని హస్తం అంటారు. వేళ్ళు దగ్గరగా కలిపి చాచిన అరచేతిలా కొంచెం పల్లంగా ఉంటాను. పేరుకి హస్తాన్నే గానీ నా అంతట నేను ఒక్క మెతుకు ఎత్తలేను, ఎత్తినదాన్ని ఆపలేను. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మనసులో ఉన్నంత నాలో నిండుతుంది.

నేను ఇత్తడి సామానుకి పేరుపడ్డ అజ్జరంలో పుట్టాను. చిల్లులు పడ్డ బిందెలు, మూతలు పోయిన మరచెంబులు కరిగించి మట్టి అచ్చులో పోస్తే నేనయ్యాను. చల్లారాక ఒక పెద్దాయన నన్ను ఆకురాయితో నున్నగా రుద్ది, నా పల్లంలో బొటనవేలు పెట్టి చూసి, "ఇది పదిమందికి పెట్టే హస్తం" అన్నాడు. పొంగిపోయాను. పక్కనున్న నా తోటి హస్తాల గురించి కూడా అదే మాట అనడం విన్నాక కుదుటపడ్డాను.

మొదట పెళ్ళివంటలు చేసే గవర్రాజు చేతికి వెళ్ళాను. మనుషుల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ పందిళ్ళలోనే. మగపెళ్ళివారి బంతిలో వద్దంటున్నా విస్తట్లో గుట్టలు పడేవి. ఆఖరి బంతిలో, నిజంగా ఆకలేసిన బాజాలవాళ్ళు కూర్చున్నప్పుడు, నేను గుండిగ అడుగు గీకుతూ ఉండేదాన్ని. వద్దన్నవాడికి పెట్టడం మర్యాద, అడిగినవాడికి పెట్టడం పని. గవర్రాజు ముసలివాడై వంటలు మానేసినప్పుడు, సామానంతా ఎవరెవరికో ఇచ్చేస్తూ నన్ను రామచంద్రపురంలో తనకి తెలిసిన ఒకావిడకి ఇచ్చాడు. ఆవిడ కోడలే మాణిక్యాంబ.

మాణిక్యాంబ కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు నన్ను ఆమె చేతిలో పెట్టి ఒక్కటే మాట చెప్పింది. "ఒక్కసారి వడ్డించి ఊరుకోకు. మారు పెట్టకుండా మనిషిని లేవనివ్వకు. ఒక్కసారితో సరిపెట్టేది పోయినవాళ్ళకే." మారు అంటే రెండోసారి వడ్డించడం. అత్తగారు పోయారు, భర్త పోయాడు, కట్టెలపొయ్యి పోయి గ్యాసు వచ్చింది. ఆ మాట మాత్రం మాణిక్యాంబ తప్పలేదు. కొడుకు భీమేశ్వరరావు రైసుమిల్లులో గుమాస్తా. కూర్చుని లెక్కలు రాసే పని, ఇంటికొస్తే తల్లి చేతి మారు. నలభై దాటేసరికి నడిచి వస్తుంటే అరుగు మీదవాళ్ళు జరిగి దారిచ్చే మనిషయ్యాడు.

ఆ ఇంట్లో భీమేశ్వరరావు భార్య కుమారి, ఇద్దరు పిల్లలు కాక అక్కగారు హైమావతి కూడా ఉండేది. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, వీధిగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. ఆ ఏడు ఉగాది వెళ్ళాక హైమ మొహం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి. కాకినాడ తీసుకెళితే రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. వారానికి మూడుసార్లు రక్తం కడిగించుకోవడానికి వెళ్ళి వచ్చేది. వచ్చిన రోజు సాయంత్రం మిషను చప్పుడు ఉండేది కాదు.

ఎవరైనా కిడ్నీ ఇస్తే బతుకుతుందన్నారు. మాణిక్యాంబ తను ఇస్తానని ముందుకెళ్ళింది. ఆమెకు షుగరు, పనికిరాదన్నారు. తమ్ముడి రక్తం అక్కకి కలిసింది. ఆ ఆదివారం భోజనం అందుకే అంత ఘనంగా వండారు. మర్నాడు కాకినాడ ఆస్పత్రిలో భీమేశ్వరరావుని బరువు తూచారు.

సాయంత్రం కుమారి వంటింట్లోకి వచ్చి చెప్పింది. "తొంభై ఎనిమిది ఉన్నారత్తయ్యా. ఎనభై ఆరుకి దిగి రమ్మన్నారు. ఇంత బరువు మీద ఒక కిడ్నీ తీసేస్తే, మిగిలినదాని మీద మోపు ఎక్కువైపోతుందట. దిగితేగానీ మిగతా పరీక్షలు కూడా చెయ్యరట."

మాణిక్యాంబ అన్నంగిన్నె మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. "ఆ పన్నెండు కిలోలూ పెట్టింది నేనే కదే" అంది. నేను ఆ గిన్నెలోనే ఉన్నాను.

భీమేశ్వరరావు మంచివాడు. మంచివాళ్ళకు ఉండే తొందర అతనికీ ఉంది. నెల తిరిగేలోగా దిగిపోతానని అక్కకి మాటిచ్చి తిండి మానేశాడు. పొద్దున నిమ్మకాయ నీళ్ళు, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, రాత్రి మళ్ళీ నిమ్మకాయ నీళ్ళు. కంచం పెడితే కూర్చునేవాడు కాదు. నేను గోడకి, మేకుకి వేలాడుతూ ఉన్నాను. రెండోవారంలో మిల్లులో కాటా పక్కన కళ్ళు తిరిగి బస్తాల మీద పడ్డాడు. కూలీలు ఆటోలో తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టి వెళ్ళారు.

హైమ గోడ పట్టుకుని వీధిగదిలోంచి వచ్చింది. "ఒరేయ్ భీముడూ, నీ కిడ్నీ ఎండబెట్టి ఇస్తావట్రా నాకు, ఒడియంలాగా?"

"వేయించుకుని తింటావని అక్కా" అన్నాడు వాడు, కళ్ళు తెరవకుండానే.

ఇద్దరూ నవ్వారు. కుమారి నవ్వలేదు. గ్లాసుడు మజ్జిగ తెచ్చి మొగుడి నోటికి అందించి, తాగినదాకా అక్కడే నిలబడింది.

ఇలా కడుపు మాడ్చుకుంటే ఇవ్వాల్సిన కిడ్నీయే దెబ్బతింటుందని డాక్టరు కోప్పడి, తిండి సంగతి చెప్పే సలోమి అనే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి రోజుకి పద్దెనిమిది వందల కేలరీలని ఒక హద్దు పెట్టింది. దాటకూడదు, అంతకి తగ్గకూడదు. వారానికి అర కిలో దిగితే చాలంది.

"అర కిలో అయితే చలికాలం వచ్చేస్తుందండి. అప్పటిదాకా మా అక్క ఆగాలి గదండి" అన్నాడట భీమేశ్వరరావు.

"ఆగుతారండి. మీరు మళ్ళీ పడిపోతే మాత్రం ఆగలేరు" అందట సలోమి.

పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత అని చెప్పి, రాత్రిపూట తేలిగ్గా ఏదైనా తినమంది. అన్నం కప్పుతో కొలుచుకోమంటే కప్పంటే మా ఇంట్లో కాఫీ కప్పులేనండి అన్నాడు ఇతను. అయితే ఈసారి వచ్చేటప్పుడు మీరు దేనితో వడ్డించుకుంటారో అదే తీసుకురండి, ఇంట్లో అన్నం కూడా కొంచెం తెండి అని చెప్పి పంపింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. తేలిగ్గా అన్న మాట మాణిక్యాంబ చెవిన పడింది. ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఆ వీధి మొత్తంలో, అన్నం ఒక్కటే బరువు. అన్నం కానిదంతా తేలికే. తిన్నావా అంటే అన్నం తిన్నావా అని. అన్నం తినకపోతే ఏం తిన్నా తిననట్టే. ఆమె రాత్రిళ్ళు నన్ను ముట్టుకోవడం మానేసింది. నా పక్క మేకున ఉండే అట్లకాడకి చేతినిండా పని దొరికింది. ఒకరోజు ఉప్మా పెట్టి పెసరట్లు. ఒకరోజు పూరీ, బంగాళాదుంప కూర. ఒకరోజు మందపాటి దిబ్బరొట్టె, నంజుకోవడానికి చెరుకు పానకం. పాపం బిడ్డ రాత్రి అన్నం మానేశాడని ఇంకో అట్టు. మేకున వేలాడుతూ నేను చూస్తూ ఉండేదాన్ని. అసూయపడ్డాననే అనుకోండి. కానీ అతని నుదుటి మీద చెమట చూస్తే ఇది తేలికలా నాకు అనిపించలేదు. అనిపించి మాత్రం ఏం చేస్తాను, నాకు నోరెక్కడిది.

నెల తర్వాత వెళ్ళినప్పుడు మాణిక్యాంబ కూడా బయల్దేరింది. నన్ను కడిగి, తుడిచి, గుడ్డసంచిలో అన్నం క్యారేజీ పక్కన పెట్టింది. అలా నేను మళ్ళీ ఒకసారి ఊరు దాటాను. పస్తులున్నప్పుడు దిగిన మూడు కిలోల్లో దాదాపు అన్నీ వెనక్కొచ్చేశాయి. సలోమి బక్కపలచటి మనిషి, మెత్తటి గొంతు. కాటా వైపు ఒకసారి, భీమేశ్వరరావు వైపు ఒకసారి చూసింది.

"రాత్రి ఏం తిన్నారండి?"

"ఏం తినలేదండి."

"ఏమీ తినకుండా పడుకున్నారా? అలా వద్దన్నాను గదండీ."

"అబ్బే, టిఫిన్ చేశానండి."

సలోమి కలం కింద పెట్టింది. "ఏం టిఫిన్?"

మాణిక్యాంబ కుర్చీలో ముందుకు జరిగింది. ఈ జవాబు చెప్పడానికే ఆమె నెలరోజులూ కాచుకున్నట్టుంది. "దిబ్బరొట్టె, తల్లీ. రాత్రిపూట ఒక్క మెతుకు ముట్టనివ్వలేదు వాణ్ణి. నా మీద ఒట్టు."

"దిబ్బరొట్టెలో ఏమేం వేస్తారమ్మగారూ?"

"మినప్పప్పు, బియ్యపు రవ్వ."

"బియ్యపు రవ్వ దేనితో చేస్తారు?"

మాణిక్యాంబ కొడుకు వైపు చూసింది. రైసుమిల్లు గుమాస్తా పైకప్పు వైపు చూశాడు. వాళ్ళ మిల్లులోనే ఆడించిన రవ్వ అది.

సలోమి నవ్వలేదు. అది ఆ పిల్ల మంచితనం. "ఎన్ని రొట్టెలో ఎన్ని పూరీలో చెబుతారా అమ్మగారూ" అని నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగి లెక్కవేసి చూపించింది. తేలికగా తిన్న రాత్రుల్లో కేలరీలు మధ్యాహ్నం భోజనాన్ని మించిపోయాయి.

"మా ఇంట్లో అన్నం తింటేనే తిన్నట్టమ్మా" అంది మాణిక్యాంబ. "పిండివంటల్ని, టిఫిన్లని మేము లెక్కలోకి తీసుకోం. ఇంతకీ ఈ కేలరీలు ఎందులో ఉంటాయి తల్లీ? పప్పులోనా, నూనెలోనా?"

"అన్నిట్లోనూ ఉంటాయండి."

"నీళ్ళల్లో?"

"నీళ్ళల్లో ఉండవు."

"ఆ నీళ్ళు మా అమ్మాయి తాగకూడదన్నారమ్మా. గ్లాసుతో కొలిచి ఇస్తున్నాం" అంది మాణిక్యాంబ.

తర్వాత సలోమి చిన్న కాటా ఒకటి బల్లమీద పెట్టి, దాని మీద ఖాళీ పళ్ళెం పెట్టింది. "మీరు ఇంట్లో ఎలా పెడతారో అలాగే ఒక్క హస్తం పెట్టండి." మాణిక్యాంబ నన్ను పట్టుకుంది. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది. నేను గుట్టగా లేచి పళ్ళెంలో బోర్లపడ్డాను. రెండువందల యాభై గ్రాముల దాకా ఉందంది సలోమి. మళ్ళీ నింపి, ఈసారి నా పైన స్పూను కాడతో ఒక్క గీత గీసి గుట్టంతా క్యారేజీలోకి తోసేసింది. సగానికి సగం పడిపోయింది.

"మధ్యాహ్నం మట్టంగా రెండు హస్తాలు. కూర ఎక్కువ పెట్టండి. రాత్రికి మట్టంగా ఒకటి. టిఫిన్ పొద్దున ఒక్కపూటే, అదీ రెండు ఇడ్లీలు."

మాణిక్యాంబ నన్ను ఒళ్ళో పెట్టుకుంది. "రెండైతే ముందు ఒకటి, మారు ఒకటి. బాగానే ఉంది. రాత్రి ఒక్కటే పెట్టి ఊరుకోమంటే ఎలాగమ్మా? బతికున్న మనిషికి ఒక్కసారి పెట్టి వదిలెయ్యకూడదు. అందులోనూ ఇలాంటప్పుడు."

నేను సలోమి మొహం చూశాను. కాదనడానికి ఆ పిల్లకి చదువుంది, హక్కుంది. "మా అమ్మమ్మ కూడా మారు పెట్టకుండా లేవనిచ్చేది కాదండి" అంది. "రాత్రికి సగం సగం పెట్టండి. ముందు సగం, మారు సగం. రెండూ కలిపి మట్టంగా ఒకటే."

మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు ఆ గదిలో ఎవరికి ఏం మేలు జరిగిందని అడిగితే నేను ఆ సగం సగమే చెబుతాను.

అప్పటినించి నా బతుకు మారింది. గిన్నెలోంచి గుట్టగానే లేచేదాన్ని, ఎందుకంటే ఆమె చేతికి వేరే దారి తెలియదు. తర్వాత ఆమె చూపుడువేలు నా మీదుగా నెమ్మదిగా పాకేది. తోసిన మెతుకులు గిన్నెలో పడుతుంటే మొహం పక్కకి తిప్పుకునేది. భీమేశ్వరరావు చాలమ్మా అనడం మానేశాడు. అనాల్సిన అవసరం లేకపోయింది. తిన్నాక ఖాళీ కంచం వైపు కాసేపు చూసి, చెయ్యి కడుక్కుని లేచేవాడు. మిల్లులో బస్తాల కాటా మీద వారానికోసారి తూచుకునేవాడు. "గుమాస్తాగారూ, గోనె తరుగు తీసి చెప్పమంటారా?" అని కూలీలు ఏడిపించేవాళ్ళు. చొక్కా విప్పి తూయరా అనేవాడు ఇతను.

దిగుతున్నాడు. అర కిలో, పావుకిలో, ఒక వారం ఏమీ లేదు, మళ్ళీ అర కిలో. వాడి పాంట్లు నడుము దగ్గర జారుతుంటే హైమ కాస్త ఓపిక ఉన్న పూట వాటిని విప్పి, బిగించి కుట్టేది. "ఒరేయ్, ఈ విప్పిన గుడ్డతో నాకో జాకెట్టు వస్తుంది" అనేది. తనూ తగ్గుతోంది. ఆమె తగ్గడానికి ఎవరూ హద్దు పెట్టలేదు. డాక్టర్లు తినొద్దన్న పెరుగు వైపు, పళ్ళ వైపు ఆమె చూసి చూపు తిప్పుకోవడం నాకు తెలుసు. ఆమెకు వడ్డించేటప్పుడు కూడా నేనే ఉండేదాన్ని, రెండోసారికి ఆమె ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టేది. అది మాత్రం నిజంగానే అడ్డం పెట్టిన చెయ్యి.

దసరా రోజుల్లో భీమేశ్వరరావు బరువు ఎక్కడిదక్కడే నిలిచిపోయింది. అదే వారం హైమకి ఊపిరితిత్తుల్లో నీరు చేరి కాకినాడలో పడుకోబెట్టారు. తిరిగొచ్చినప్పుడు గడప దాటడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ మర్నాటి మధ్యాహ్నం మాణిక్యాంబ నన్ను నింపి, వేలితో గుట్ట తోసింది. అక్కడ ఆగలేదు. వేలు ఇంకా లోపలికి దిగి నా పల్లంలోంచి కూడా కొంత గీకేసింది. ఆ మర్నాడు ఇంకొంత. నా అడుగు కనబడుతోంది. ఎవరూ చూడలేదనుకుంది.

కుమారి చూసింది. "అత్తయ్యా, అది మట్టం కాదు. వెలితిగా ఉంది."

మాణిక్యాంబ నన్ను గిన్నెలో పెట్టేసింది. "నాలుగు మెతుకులు తగ్గితే తొందరగా దిగుతాడేమోనని."

"తగ్గితే పడిపోతారు. ఆ అమ్మాయి చెప్పింది గదా."

"హైమని చూశావా? చలికాలం దాకా ఉంటుందా అది?"

"చూశానత్తయ్యా. వదిన మీకెంతో నాకు తెలుసు." కుమారి గొంతు పెంచలేదు. పొయ్యి మీద కూర కలుపుతూనే ఉంది. "ఇవ్వొద్దని నేను ఒక్కనాడైనా అన్నానా? ఆయన్ని బాగున్న మనిషిగా తీసుకెళ్ళి, బాగున్న మనిషిగా తీసుకురావాలి నేను. నాకు ఉన్నది ఆయనొక్కడే."

ఇద్దరూ నావైపే చూస్తున్నారు. ఒకరికి కూతురు, ఒకరికి మొగుడు. ఇద్దరికీ మధ్య నేను, నాలో ముప్పాతిక అన్నం. ఎత్తడం, దించడం నా చేతిలో ఉంటే ఆ క్షణాన ఏం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. మాణిక్యాంబ నన్ను మళ్ళీ తీసి అన్నంలో ముంచింది. పైన వేలితో ఒక్కసారి రాసి కోడలికి చూపించింది.

"ఇలాగేనా?"

"ఇలాగే."

కంచంలో వడ్డించి, కొడుకుని పిలిచింది.

మాఘమాసం వచ్చేసరికి ఎనభై ఆరు అయ్యాడు. హైమ అప్పటికి ఉంది. అంతకంటే బాగుందని చెప్పలేను, ఉంది. మిగతా పరీక్షలన్నీ అయ్యాయి, పెద్ద డాక్టర్లు సంతకాలు పెట్టారు, రోజు ఖాయం చేశారు. బయల్దేరిన పొద్దున హైమ మిషనుకి గుడ్డ కప్పింది. పిల్లల్ని కుమారి పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళారు. ఆస్పత్రిలో తోడుగా ఒక్కరినే ఉండనిస్తామన్నారు. మాణిక్యాంబకి మోకాళ్ళనొప్పులు, మెట్లెక్కలేదు. ఆమెను ఇంట్లోనే ఉండమన్నారు.

ఆపరేషను రోజు మాణిక్యాంబ పొయ్యి వెలిగించలేదు. తన కాఫీకి కూడా వెలిగించలేదు. వీధిగదిలోకి వెళ్ళి మిషను మీది గుడ్డ సర్దింది. వంటింట్లోకి వచ్చి నన్ను మేకు మీంచి తీసి, తళతళలాడేదాకా తోమి, మళ్ళీ మేకుకి తగిలించింది. కాసేపాగి మళ్ళీ తీసి తోమింది. అన్నేళ్ళూ ఎవరో ఒకరికి పెడుతూ ఉన్న చెయ్యి అది. ఆ రోజు దానికి ఎవరూ లేరు. కత్తులు, కుట్లు, మత్తు అన్నీ వేరేవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. ఆమె ఎంత నిస్సహాయంగా ఉందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే నేను పుట్టినప్పటినుంచీ అలాగే ఉన్నాను.

దీపాలు పెట్టే వేళ దాటాక ఫోను మోగింది. కుమారి. మాణిక్యాంబకి సరిగ్గా వినబడదు, అందుకని గట్టిగా వినబడేలా పెట్టుకుంది.

"ఆయనకి తెలివొచ్చిందత్తయ్యా. మాట్లాడారు. అమ్మ అన్నం తిందా అని అడిగారు."

"హైమో?"

"వదినకి పెట్టిన కిడ్నీ పని మొదలెట్టిందట. బల్ల మీద ఉండగానే ఒంటికి వచ్చిందట అత్తయ్యా."

"ఏంటీ?"

"ఒంటికి. ఒంటికి వెళ్ళింది వదిన. నర్సు బయటికొచ్చి చెప్పింది."

మాణిక్యాంబ గోడకి జేరబడి కూర్చుంది. నలభై ఆరేళ్ళ కూతురు ఒంటికి వెళ్ళిందన్న కబురు. చంటిపిల్లప్పుడు తప్ప ఆ మాటకు ఎవరైనా ఇంత ఆశగా ఎదురుచూస్తారా. "ఎంత?" అని అడిగింది.

"మూత్రం సంచీ నిండుతోందట. ఇంకా నాలుగురోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమన్నారు. ఈపూటకి మాత్రం బాగుంది. మీరు అన్నం తిన్నారా? ఆయనకేం చెప్పమంటారు?"

"తింటున్నానని చెప్పు."

లేచి గుప్పెడు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఉడికాక కంచం తీసుకుని నేల మీద కూర్చుంది. అన్నాళ్ళూ అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది చేత్తోనే తీసుకుని తినేది. ఆ రోజు నన్ను పట్టుకుంది. అన్నంలో ముంచి, పైకెత్తి, అలాగే ఆగిపోయింది. తనకి ఎంత కావాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు, తనూ ఎప్పుడూ అనుకోలేదు. వేలు నా మీదికి వచ్చి, గుట్ట తోయకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. వడ్డించుకుని, ఇంత ఆవకాయ కలుపుకుని, గిన్నెలో ఒక్క మెతుకు లేకుండా తినేసింది.

తర్వాత నన్ను కడిగి, తుడిచి, మేకుకి తగిలించింది. పొయ్యి గట్టు తుడిచి, దీపం ఆర్పింది. లోపల ఎవరో జబ్బు మనిషి అప్పుడే నిద్రలోకి జారుకున్నట్టు, వంటింటి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, నెమ్మదిగా గొళ్ళెం పెట్టింది.